ఏబదినాలుగేండ్ల నిరీక్షణ

మంచుగడ్డపై ఆడు హాకీని మనలో చూచినవారు అరుదు. అయినను న్యూయార్కు రేంజర్సు జట్టు చరిత్రను ఏటికేడు పరిశీలించినచో మన మెరిగిన మానవస్వభావమే అందు కానవచ్చును.

1926లో వెలసిన ఈ జట్టు రెండవ యేటనే, 1928లో, అత్యున్నత బహుమతియైన స్టాన్లీ కప్పును గెలిచెను. ఆ తుదిపోటీలలో గోలుకీపరు గాయపడగా, 44 ఏండ్ల శిక్షకుడు లెస్టర్ పాట్రిక్ స్వయముగా గోలుకడ నిలిచి ఆనాటి ఆటను దక్కించెను. 1933, 1940లలో మరల విజయము లభించెను. పిమ్మట యుద్ధకాలమున ఆటగాండ్రు పలువురు సైన్యమున చేరగా, 1942-43లో జట్టు అట్టడుగునకు దిగెను. కప్పు తిరిగి చేజిక్కినది 1994లో, వాంకూవరుపై ఏడవ ఆటలో.

పట్టికలో ఓటమి ఒక అంకె మాత్రమే. ఏటేట ఆశతో వచ్చి కూర్చుండిన ప్రేక్షకులు అందు కానరారు. గెలుపును మెచ్చుట సులభము. ఓడినవారిని విడువకుండుటయే అభిమానమని మేము తలతుము.