మంచులో వేడినీళ్ల ఊరు

డిసెంబరులో బుడాపెస్ట్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. శీతాకాలం సెలవులకు అక్కడికి వెళ్లే తల్లీకూతుళ్లకు ఆ చలిలోనే అసలు సందడి.

ఈ హంగేరీ రాజధాని అడుగున వేడినీటి ఊటలున్నాయి. 1913లో తెరిచిన సెచెన్యీ స్నానశాలకు భూగర్భం నుంచి 70 డిగ్రీలు దాటిన నీరు పైకి వస్తుంది. దాన్ని చల్లార్చి ఆరుబయటి కొలనుల్లోకి వదులుతారు. అమ్మ మెడదాకా వెచ్చటి నీళ్లలో ఉంటే జుట్టు మీద మంచు రాలుతుంటుంది. పక్కనే స్థానికులు నీళ్లలో నిలబడే చదరంగం ఆడుతుంటారు.

కూతురికి స్కేటింగ్ ఇష్టమైతే, స్నానశాల ఉన్న పార్కులోనే 1870లో మొదలైన మంచు మైదానం ఉంది.

తిరుగు ప్రయాణానికి స్నానశాల దగ్గరే మెట్రో. 1896లో నడక మొదలుపెట్టిన ఈ చిన్న పసుపు రైలు ఐరోపా ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ రైలు. చివరి స్టేషన్లో దిగితే క్రిస్మస్ సంత. అక్కడ పిండిని సన్నటి పట్టీలా కర్రకు చుట్టి, చక్కెర అద్ది, తిప్పుతూ కాలుస్తారు. పాకం ఎర్రబడి కరకరలాడుతుంది. కర్ర నుంచి లాగితే గుల్లగా, పొగగొట్టంలా ఉన్న రొట్టె చేతికొస్తుంది. తల్లీకూతుళ్లు చెరోవైపు చుట్లు విప్పుకుంటూ, వేళ్లు కాలుతున్నా ఆగకుండా తింటారు.