టమ్మీ టక్: ఆపరేషన్‌కి ముందు అందరూ అడిగే ప్రశ్నలు, ఎవరూ అడగని ప్రశ్నలు

కాకినాడ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చాను. పోయిన ఎపిసోడ్‌లో లైపోసక్షన్ గురించి మాట్లాడుకున్నాం కదా. దాని తర్వాత ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "డాక్టరు గారండీ, ఇద్దరు పిల్లలు పుట్టాక పొట్ట జారిపోయిందండీ. ఎంత నడిచినా, ఎంత కడుపు మాడ్చుకున్నా పోవట్లేదు. టమ్మీ టక్ చేయించుకోవచ్చా?" అని. అందుకని ఈరోజు ఓపీలో నన్ను రోజూ అడిగే ప్రశ్నలు ఒక్కొక్కటే చూద్దాం. చివర్లో ఎవరూ అడగనివి కూడా రెండు చెప్తాను. అవే అసలైనవి, కాబట్టి మధ్యలో వెళ్ళిపోకండి.

మొదటి ప్రశ్న: "ఎన్ని కేజీలు తగ్గుతానండీ?" టమ్మీ టక్ బరువు తగ్గించే ఆపరేషన్ కాదండీ. తీసేసే చర్మం, కొవ్వు కలిపి చాలామందిలో ఒకటి రెండు కేజీలే ఉంటుంది. ఇది జారిన చర్మానికి, వదులైపోయిన కండరాలకి చేసే ఆపరేషన్. మీకు మీరే చూసుకోండి. పొట్టని రెండు వేళ్ళతో పట్టుకుంటే మెత్తగా గుప్పిట్లోకి వస్తోందా? అది చర్మం, చర్మం కింద కొవ్వు. దాన్ని మేము తీయగలం. అలా కాకుండా పొట్ట బానలాగా ముందుకొచ్చి, గట్టిగా, చేతికి దొరక్కుండా ఉందా? ఆ కొవ్వు లోపల పేగుల చుట్టూ ఉంది. దాన్ని ఏ ప్లాస్టిక్ సర్జనూ తీయలేడు. అది తిండితో, నడకతో తగ్గాల్సిందే. మగవాళ్ళలో ఎక్కువమందికి ఉండేది ఈ రెండో రకమే.

రెండోది: "సిజేరియన్ వల్లే కదండీ ఇలా అయ్యింది? అప్పుడు నడుంకట్టు సరిగ్గా కట్టలేదని మా అమ్మ అంటుంది." 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ మచ్చ ఉంటుంది, నింద కూడా దాని మీదే పడుతుంది. కానీ మామూలు కాన్పు అయినవాళ్ళకీ పొట్ట జారుతుంది. తొమ్మిది నెలలు బిడ్డ పెరిగేటప్పుడు బొడ్డుకి అటూ ఇటూ నిలువుగా ఉండే రెండు కండరాలు ఎడంగా జరుగుతాయి. కొందరిలో అవి మళ్ళీ దగ్గరకి రావు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొంచెం పైకెత్తి బొడ్డు పైన వేళ్ళు పెట్టి చూడండి. మధ్యలో రెండు వేళ్ళకి మించి సందు ఉంటే ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. సందు చిన్నదైతే ముందు ఫిజియోథెరపీ చేయిస్తాం. దానికీ లొంగకపోతేనే ఆపరేషన్ మాట. మీ అమ్మగారి తప్పు, మీ తప్పు ఇందులో ఏమీ లేవండీ.

"పిల్లలు కలగకుండా ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు మళ్ళీ కడుపు కోస్తారా?" అని భయపడుతూ అడుగుతారు. కడుపు లోపలికి వెళ్ళం అండీ. సిజేరియన్ మచ్చ ఉండే చోటే, కాకపోతే ఒక తుంటి నుంచి రెండో తుంటి దాకా కోత ఉంటుంది. చర్మాన్ని పక్కటెముకల దాకా పైకి లేపి, ఎడమైన కండరాలని మధ్యలో కలిపి కుట్టి, మిగిలిన చర్మాన్ని కోసేసి, బొడ్డుకి కొత్త చోటు ఇస్తాం. హెర్నియా ఉంటే అదీ అప్పుడే సరిచేయొచ్చు. పూర్తి మత్తులో రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. బొడ్డు కింది చారలు చర్మంతో పాటు పోతాయి, పైవి కొంచెం కిందికి దిగుతాయి. మచ్చ మాత్రం పొడుగ్గానే ఉంటుంది. మొదటి కొన్ని నెలలు ఎర్రగా ఉండి, ఏడాది ఏడాదిన్నరకి లేతబడుతుంది. మచ్చే ఉండదని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఆగండి. తర్వాత కడుపు వస్తే ప్రమాదమేమీ కాదు గానీ, కుట్టిన కండరాలు మళ్ళీ సాగుతాయి. కాన్పు అయినవాళ్ళు కనీసం ఆరు నెలలు, పాలు మాన్పించాక ఇంకొన్నాళ్ళు ఆగాలి.

నొప్పి గురించి. మొదటి మూడు రోజులు పొట్ట బిగబట్టినట్టు ఉంటుంది, మందులతో తట్టుకోవచ్చు. వారం పది రోజులు నడుం కాస్త వంచే నడవాలి. పక్కన సన్నటి డ్రెయిన్ గొట్టాలు పెడితే, అవి చూసి కంగారు పడకండి, చర్మం కింద నీరు చేరకుండా పెట్టేవి అవి. బొడ్డు కింద కొన్ని నెలలు తిమ్మిరి ఉంటుంది. ఆఫీసు పనికి రెండు మూడు వారాలు, బిందె ఎత్తడానికి, పిల్లల్ని చంకనెత్తుకోవడానికి ఆరు వారాలు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇల్లైతే ముందే కుర్చీ ఏర్పాటు చేసుకోండి.

టీచర్లు ఎక్కువమంది వేసవి సెలవుల్లో చేయించుకుంటామంటారు. చేయించుకోవచ్చు. కానీ ఆ బిగుతు బెల్టు ఆరు వారాలు దాదాపు రాత్రీపగలూ ఉండాలి. మే నెలలో మన కాకినాడ ఉక్క మీకు తెలుసుగా? లోపల పల్చటి నూలు బనియను వేసుకోండి, బెల్టులు రెండు కొనుక్కోండి, ఒకటి ఆరేలోపు ఇంకొకటి.

కువైట్ నుంచి నెల సెలవు మీద వచ్చి, "ఇరవయ్యో రోజున ఫ్లైట్ అండీ" అన్న ఆవిడ ఒకరు ఉన్నారు. ఆవిడకి చేయలేదు. ఈ ఆపరేషన్‌లో నేను అన్నిటికన్నా భయపడేది కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరడం గురించి. అందుకే మర్నాటికల్లా నడిపిస్తాం. దూర ప్రయాణాలు తర్వాత కొన్ని వారాలు వద్దంటాం. గర్భం రాకుండా మాత్రలు, హార్మోను మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. తర్వాత పిక్కలో నొప్పి, వాపు, ఆయాసం వస్తే "రేపు చూద్దాంలే" అనుకోకూడదు, ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి.

ఇక పథ్యం. "పప్పు తింటే చీము పడుతుందంట కదండీ? వంకాయ, గుడ్డు మానెయ్యాలా?" చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదండీ. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప అన్నీ తినండి. కాజాలు మాత్రం కొంచెం చూసుకోండి. షుగరు ఉన్నవాళ్ళకి మూడు నెలల సగటు ఏడు దగ్గరికి వచ్చేదాకా నేను తేదీ ఇవ్వను.

ఖర్చు సంగతి. అందం కోసం చేయించుకుంటే బీమా రాదు. హెర్నియా ఉంటే ఆ భాగం గురించి బీమా కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి. మత్తు డాక్టరు, గది, బెల్టు, మందులు, జీఎస్టీ అన్నీ కలిపిన మొత్తం ఎంతో అడగండి. చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా అనీ అడగండి. ఏ డాక్టరూ నొచ్చుకోకూడదు.

ఇప్పుడు ఎవరూ అడగనివి. మొదటిది పొగాకు. ఇది నా పొరపాటు కథే. చాలా ఏళ్ళ క్రితం తీరం వైపు ఊరి నుంచి యాభై దాటిన ఒకావిడ వచ్చారు. మగవాళ్ళందరినీ సిగరెట్ అలవాటు అడిగే నేను, ఆడమనిషి కదా అని ఆవిడని అడగలేదు. ఆవిడా చెప్పలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజుకి బొడ్డు కింద చర్మం నల్లబడింది. అప్పుడు కూతురు బయటికి పిలిచి మెల్లగా చెప్పింది, "అమ్మ చుట్ట కాలుస్తుందండీ" అని. లేపి కుట్టిన చర్మానికి రక్తం సన్నటి నాళాల్లోంచే రావాలి. పొగాకు వాటిని ముడుచుకుపోయేలా చేస్తుంది. ఆ గాయం మానడానికి రెండు నెలలు డ్రెస్సింగ్ చేశాం. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. "నేను చెప్పాల్సింది బాబూ" అన్నారు. కాదండీ, నేను అడగాల్సింది. అప్పటి నుంచి అందరినీ అడుగుతాను. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏదైనా సరే, ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పూర్తిగా మానాలి. నేను తిట్టను, తేదీ మారుస్తాను, అంతే.

రెండోది: "ఇంట్లో చెప్పాలా?" మొన్నామధ్య ఒకమ్మాయి అంది, "మావాళ్ళకి హెర్నియా ఆపరేషన్ అని చెప్పండి డాక్టరు గారూ" అని. నేను చెప్పాను, "నీ విషయం నేను ఎవరికీ చెప్పనమ్మా, అది నీ హక్కు. కానీ అబద్ధం చెప్పను. పైగా రెండు వారాలు నిన్ను లేపి కూర్చోబెట్టే మనిషి ఒకరు కావాలి. ఆ ఒక్కరికి నిజం తెలియాలి." తర్వాత వారం అక్కని వెంటబెట్టుకుని వచ్చింది.

ఇంకో మాట అడుగుతాను అందరినీ: ఇది మీకు కావాలా, ఇంకొకరు అన్న మాటకి కావాలా? తోడికోడలితో పోల్చారనో, ఆయన ఏదో అన్నాడనో వస్తే, ఆ మాట మానడానికి నా దగ్గర కుట్లు లేవండీ. చీర కట్టుకుంటే ఇబ్బందిగా ఉంది, ముడతల్లో చర్మం ఒరిసి పుళ్ళు పడుతున్నాయి, వంగితే బరువుగా ఉంది, నాకోసం నేను చేయించుకుంటాను అంటే, రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

మీ ప్రశ్నలు కింద రాయండి. రిపోర్టులు, ఫొటోలు మాత్రం అక్కడ పెట్టకండి. వచ్చే ఎపిసోడ్‌లో మచ్చల గురించి మాట్లాడుకుందాం.