ప్రయాణ బీమా: ముందెవరు, పిదప నెవరు?



ఉద్దానపు తోటలు విడిచి, పలాసలో రైలెక్కి, పొట్టకూటికై దూరప్రాంతములకు పోవు బిడ్డలు మనలో పెక్కురు. 2023 అక్టోబరు 29వ తేది రాత్రి విశాఖపట్టణమునుండి పలాసకు వచ్చుచున్న బండిని కంటకాపల్లి చెంత వేఱొక బండి వెనుకనుండి ఢీకొన్న సంగతి మఱవరానిది.

ఇంటర్నెట్టులో రైలు టిక్కెట్టు కొనువారు అర్ధరూపాయికి లోబడిన రుసుముతో బీమా కోరవచ్చును. గాయపడినచో ఆసుపత్రి వ్యయము 2 లక్షలవఱకు లభించును. వేఱుగా ఆరోగ్యబీమా కూడ నున్నచో, ముందు దేని నడుగవలెనో నిర్ణయించు హక్కు మనదే. వ్యయము 3 లక్షలైనచో మొదటిది 2 లక్షలిచ్చును. మిగిలిన లక్షను రెండవదానినుండి దాని షరతులకు లోబడి కోరవచ్చును. ఒకే ఖర్చును రెండుమాఱులు రాబట్టుట చెల్లదు.

ప్రాణనష్టమైనచో లెక్క వేఱు. బీమావారి 10 లక్షలును, రైల్వే క్లెయిముల ట్రిబ్యునలు ఇప్పించు 8 లక్షలును దేనికదియే. ఒకటి వచ్చినది గదా యని రెండవదానిని విడువరాదు. రిజర్వేషను లేని పెట్టెలో టిక్కెట్టుతో పోవువారికి ఈ బీమా లేకున్నను, ఆ పరిహారము కలదు. ఏడాదిలోపల దరఖాస్తు పెట్టవలెను.

కావున టిక్కెట్టును, ఆసుపత్రి కాగితములను భద్రపఱచుడు. చదువురాని యింటివారికి ఆ దరఖాస్తు వ్రాసిపెట్టుట పెద్దలైన మీ ధర్మము.