మట్టి మసీదు నేర్పే పాఠం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో, బాని నది దగ్గర జెన్నె అనే పాత పట్టణం ఉంది. ఆ ఊరి జామా మసీదు మొత్తం మట్టిదే. ఇప్పుడున్న కట్టడం 1907లో పూర్తయింది. పచ్చి ఇటుకతో కట్టిన భవనాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దీనికి పేరు. 1988లో యునెస్కో జెన్నెను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మట్టి గోడ సంగతి మన పల్లెల్లో పుట్టినవారికి చెప్పనక్కర్లేదు. ఏటా మెత్తకపోతే ఒక్క వానాకాలానికే పెచ్చులూడుతుంది. అందుకే జెన్నె ప్రజలు ఏడాదికోసారి, వానలకు ముందు, మసీదుకు మట్టి పూయడాన్నే పండుగగా చేసుకుంటారు. ముందుగా మట్టిలో వరి ఊక కలిపి గుంటల్లో రోజుల తరబడి నానబెడతారు. పిల్లలు అందులో దిగి ఆడుతూనే తొక్కుతారు. ఆడవాళ్లు, ఆడపిల్లలు నీళ్లు మోస్తారు. పండుగనాడు డప్పుల మోత మధ్య, మొదటి తట్ట ఎవరు చేరుస్తారా అని కుర్రాళ్లు పోటీపడి పరుగెడతారు. గోడల్లోంచి పొడుచుకొచ్చిన తాటి దుంగలే మేస్త్రీలకు నిచ్చెన. ఆ పనితనం వాళ్లకు తరతరాలుగా వచ్చిన విద్య. నడవలేని ముసలివారిని ఇంటి దగ్గర వదిలిపెట్టరు. ఎదురుగా గౌరవంగా కూర్చోబెడతారు.

అంత శ్రద్ధ ఉన్నా 2009లో పెద్ద వానకు ఒక మినారులో కొంత భాగం కూలింది. దాన్ని మళ్లీ నిలబెట్టారు. దేశంలోని అశాంతి కారణంగా 2016లో యునెస్కో జెన్నెను ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన వానాకాలం మన విద్యార్థుల వసతి గృహంలో కప్పు కారి, పిల్లలు రెండు రాత్రులు పుస్తకాలు గుండెలకు హత్తుకుని ఒక మూల కూర్చున్నారు. కొత్త గది కట్టిస్తామని ముందుకొచ్చిన దాతలు మనకు ఉన్నారు, అల్లాహ్ వారికి మేలు చేయుగాక. పాత కప్పు బాగు చేయిద్దామంటే మాత్రం పద్దు ఖాళీగా ఉంది. తప్పు దాతలది కాదు. అడగాల్సిన మేము అడగలేదు. మరమ్మతుకు శిలాఫలకం ఉండదు కదా, ఎవరిస్తారులే అనుకున్నాం.

జెన్నెలో ఈ ఏడు పూసిన మట్టి ఎవరి తట్టలోదో వచ్చే ఏడు ఎవరూ చెప్పలేరు. నీళ్లు మోసిన పిల్లదీ, మట్టి తొక్కిన పిల్లాడిదీ అందులో వాటా ఉంది. సదఖయె జారియా అంటే ఒకసారి కట్టి వదిలేయడం కాదు, నిలబెట్టుకుంటూ రావడం కూడానని ఆ ఊరిని చూస్తే నాకు అర్థమైంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈ ఏడు నుంచి మరమ్మతులకు వేరే నిధి పెడదాం. ఎవరికి తోచినంత వారు, ఏటా, వానలకు ముందే ఇద్దాం. ఇవ్వలేనివారు ఒకరోజు వచ్చి చేయి వేద్దాం.