పీడీఎఫ్ నొక్కంగనే ఆటోక్యాడ్ మూతపడుతుందా? ఈ వరుసలో చూడండి

నేను నల్గొండల ఇంటి ప్లాన్లు, షెడ్డు డ్రాయింగులు గీస్తుంటా. ఈ ఎపిసోడ్‌ల చాలామంది అడిగే సమస్య చూద్దాం. డ్రాయింగ్ అంతా మంచిగనే ఉంటది, ప్లాట్ కొట్టి పీడీఎఫ్ తీద్దామంటే గిర్రున తిరిగి, "ఫేటల్ ఎర్రర్" అని వచ్చి ఆటోక్యాడ్ మూతపడుతది. అదీ రేపు పొద్దున మున్సిపాలిటీల అప్‌లోడ్ చేయాల్సిన రోజే అయితది. పార్టీ ఫోన్ మీద ఫోన్. ఇగ చేతులు ఆడవు.

మొట్టమొదటి పని, మళ్లీ మళ్లీ అదే బటన్ నొక్కుడు ఆపాలె. ఫైల్‌ను కాపీ చేసి, కాపీకి వేరే పేరు పెట్టండి. ఇక మనం ఏం చేసినా కాపీ మీదనే. ఫైల్ పెన్‌డ్రైవ్‌లనో, క్లౌడ్ ఫోల్డర్‌లనో ఉంటే దాన్ని కంప్యూటర్‌లోని మామూలు ఫోల్డర్‌కు తెచ్చుకోండి. పేరు, ఫోల్డర్ దారి చిన్నగా ఉండాలె.

ఇప్పుడు అసలు ప్రశ్న: తప్పు మిషన్‌దా, ఫైల్‌దా? తెలుసుకునుడు చాలా అల్కగ. కొత్త ఖాళీ డ్రాయింగ్ తెరిచి, ఒక్క గీత గీసి, పీడీఎఫ్ తీయండి. అది కూడా పడిపోయిందంటే మిషన్ సంగతి. అది మంచిగ వచ్చిందంటే మీ ఫైల్ సంగతి. ఈ రెండు నిమిషాల పని చేయకుండా సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించుకుంటరు కొందరు. రాత్రంతా పోతది, సమస్య అట్లనే ఉంటది.

మిషన్‌దే అని తేలితే మూడు చూడండి. ఒకటి, సీ డ్రైవ్‌ల జాగా. పీడీఎఫ్ తయారయ్యేటప్పుడు టెంపరరీ ఫైళ్లు అక్కడ పడతయి. డ్రైవ్ నిండుగా ఉంటే పని మధ్యల ఆగుతది. రెండు, గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ అని టైప్ చేసి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. పాత లాప్‌టాప్‌లల్ల గ్రాఫిక్స్ డ్రైవర్ తోనే చాలా తిప్పలు. మూడు, బ్యాక్‌గ్రౌండ్‌ప్లాట్ అని టైప్ చేసి సున్నా పెట్టండి. అప్పుడు ప్లాట్ వెనకాల జరగదు, మీ కండ్ల ముందే జరుగుతది, ఎక్కడ ఆగిందో కనపడతది.

ఫైల్‌దే అయితే క్రమం ఇది. ఫైల్ తెరిచి ఆడిట్ కొట్టండి, తప్పులు సరిచేయాల్నా అని అడిగితే వై. తర్వాత పర్జ్, వాడని బ్లాకులు, లేయర్లు పోతయి. ఆ తర్వాత మైనస్ గుర్తు పెట్టి పర్జ్ కొట్టి, రెగ్‌యాప్స్ కోసం ఆర్ ఇవ్వండి. పది చేతులు మారిన ఫైళ్లల్ల ఈ చెత్త వేలల్ల ఉంటది. ఫైల్ తెరుచుకోకపోతే, ఖాళీ డ్రాయింగ్ నుంచి రికవర్ కమాండ్‌తోని తెరవండి.

అయినా పడిపోతుందా? సగం చేసే పద్ధతి. కాపీల సగం డ్రాయింగ్ తీసేసి పీడీఎఫ్ తీయండి. వచ్చిందంటే దొంగ తీసేసిన సగంల ఉన్నడు. రాలేదంటే మిగిలిన సగంల. మళ్లీ దాన్ని సగం చేయండి. దొంగ ఒక్కడే అయితే, వెయ్యి వస్తువులున్నా పది సార్లల్ల దొరుకుతడు. ఎక్కువగ దొరికేవి: మరీ దట్టంగ వేసిన హ్యాచ్, బరువు ఫొటో, ఎక్సెల్ నుంచి అతికించిన టేబుల్, లింకు తెగిన ఎక్స్‌రెఫ్.

ఇప్పుడు మన దిక్కు ప్రత్యేకంగ వచ్చే ఒక సంగతి. సర్వే వాళ్లు ఇచ్చే ఫైల్ యూటీఎం కోఆర్డినేట్లల్ల ఉంటది. నల్గొండ 44వ జోన్‌ల వస్తది. ఇక్కడ ఉత్తరం దిక్కు విలువ 18 లక్షల 80 వేల మీటర్ల చుట్టూ ఉంటది. దాన్ని మిల్లీమీటర్లల్లకు మార్చితే 188 కోట్లు. ఆటోక్యాడ్ లోపల 15 అంకెల దాకా లెక్క పట్టుకుంటది, కాని తెర మీద చూపే గ్రాఫిక్స్ లెక్కలు చాలావరకు 7 అంకెల దగ్గరే ఆగుతయి. 188 కోట్ల దగ్గర ఆ లెక్కల ఒక మెట్టుకు, పక్క మెట్టుకు 128 మిల్లీమీటర్ల తేడా. నాలుగున్నర ఇంచుల గోడ 115 మిల్లీమీటర్లే కదా! అంటే గోడ మందం కంటే మెట్టే పెద్దది. అందుకే గీతలు వణుకుతయి, హ్యాచ్ పగులుతది, ప్లాట్ తీసేటప్పుడు ప్రోగ్రాం ఆగిపోవచ్చు.

దీనికి మందు: కాపీల మొత్తం డ్రాయింగ్‌ను మూవ్ కొట్టి సున్నా, సున్నా దగ్గరికి తెచ్చి పీడీఎఫ్ తీయండి. అసలు ఫైల్‌ల కోఆర్డినేట్లు ముట్టొద్దు. అవి పోతే హద్దురాయి ఎక్కడో చెప్పేది ఏముండదు.

తెలుగు అక్షరాలు పెట్టేవాళ్లకు ఒక మాట. ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లల్ల తెలుగు ఉండదు, గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్ తీసుకోండి.

ఏదీ పని చేయకపోతే? డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితం, దాంట్ల తెరిచి పీడీఎఫ్ తీయొచ్చు. లేదంటే డీఎక్స్‌ఎఫ్‌గ సేవ్ చేసి, మళ్లీ తెరిచి తీయండి. పాత రూపం కావాల్నంటే డాట్ బ్యాక్ ఫైల్ ఉంటది, దాని చివరను డీడబ్ల్యూజీ అని మార్చండి. ఆటోసేవ్ ఫైళ్లు టెంప్ ఫోల్డర్‌ల ఎస్‌వీ డాలర్ చివరతోని ఉంటయి. మామూలుగ పది నిమిషాలకొకసారి పడతయి. సేవ్‌టైమ్ అని టైప్ చేసి ఐదు పెట్టుకోండి.

పీడీఎఫ్ వచ్చింది కదా అని వెంటనే పంపకండి. ఇది చాలా ముఖ్యం. సగం తీసేసిన కాపీ నుంచి, రికవర్ చేసిన ఫైల్ నుంచి వచ్చిన పీడీఎఫ్‌ల ఒక పిల్లర్ మాయమై ఉండొచ్చు. అసలు ఫైల్ పక్కన పెట్టి పిల్లర్లు లెక్కపెట్టండి, రెండు మూడు కొలతలు స్కేల్ తోని కలిపి చూడండి. మేస్త్రి కాగితాన్ని నమ్మి గుంత తవ్వుతడు. 2020ల వచ్చిన మన బీపాస్ చట్టం కింద 500 చదరపు మీటర్ల ప్లాటు, 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణ మీద అనుమతి ఇస్తరు. అనుమతికి, కట్టినదానికి తేడా ఉంటే నోటీసు లేకుండ కూలగొట్టే అధికారం కూడా ఆ చట్టంలనే ఉంది. అక్కడ సంతకం పెట్టేది ఇంటాయన. బ్యాంకు లోను ఆయన పేరు మీదనే, అప్పు ఆయన నెత్తి మీదనే. మనం పంపిన గీతే ఆయన ఇల్లు అయితది.

కొత్తగ ఈ పని నేర్చుకుంటున్న ఐటీఐ, పాలిటెక్నిక్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వరుస ఫోన్‌ల రాసుకోండి: కాపీ, ఖాళీ డ్రాయింగ్ పరీక్ష, మిషన్ లేదా ఫైల్, ఆడిట్, పర్జ్, సగం చేసుడు, సున్నా దగ్గరికి తెచ్చుడు, చివరికి లెక్క చూసుడు. మీ దగ్గర ఏ మెట్టు మీద ఆగిందో, వర్షన్ ఏందో కామెంట్‌ల రాయండి, చూసి చెప్తా. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం, ఉంటా మరి.