బాడుగ ఇంటికి నిజమైన అలంకారం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజు మనకు పండుగ. కరువుభత్యం గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడేందుకు నాకంటే తెలిసిన మిత్రులు ఉన్నారు. నాకు అప్పగించిన విషయం చిన్నది. మనలో చాలామంది పదవీ విరమణ సొమ్ముతో కింద తాముండే ఇల్లు, పైన ఒక పోర్షను కట్టుకున్నాం. ఆ పోర్షనుకు మంచివాళ్లు రావాలంటే, వచ్చినవాళ్లు నాలుగేళ్లు నిలవాలంటే దాన్ని ఎలా సిద్ధం చేయాలి అన్నదే ఆ విషయం.

గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక లెక్కతోనే మొదలుపెడతాను. నెలకు 8,000 రూపాయల బాడుగ అనుకుందాం. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే 16,000 పోయినట్లే. ఆ సొమ్ములో సగం పెట్టి ముందే ఇల్లు బాగుచేయించి ఉంటే ఆ ఖాళీ రాకపోను. అయితే ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ముఖ్యం. చాలామంది ముందుగోడకు మెరిసే రంగు వేయించి, హాల్లో పూల డిజైను పెట్టించి, స్నానాలగదిలో కారే కుళాయిని మాత్రం అలాగే వదిలేస్తారు. ఇల్లు చూడవచ్చిన ఇల్లాలు హాలు ఒక్క చూపు చూసి, నేరుగా వెళ్లి కుళాయి తిప్పుతుంది. కాబట్టి మొదటి ఖర్చు నీళ్లకు, రెండోది చెమ్మకు, మూడోది వెలుతురుకు, చివరిది రంగుకు.

చెమ్మ సంగతి చెబుతాను. మన వైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరు వానలకు తిరుపతి ఎంత అవస్థపడిందో మనమంతా చూశాం. చెమ్మ ఊరే గోడమీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఉబ్బి పెచ్చులూడుతుంది. ముందు మిద్దె మీద బీటలు పూడ్పించి, వాన నీళ్లు పోయే గొట్టాలు శుభ్రం చేయించాలి. మిద్దె పైభాగానికి తెల్ల సున్నం కొట్టిస్తే ఎండాకాలంలో లోపల వేడి తగ్గుతుంది. ఇది మన పెద్దలకు తెలిసిన పనే. ఇదే ఉద్దేశంతో తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది.

గోడలకు సున్నమా, డిస్టెంపరా అని అడుగుతుంటారు. రాతి సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడకట్టి, కొంచెం తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపి రెండు పూతలు వేయిస్తే చవకలో తెల్లగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది, బూజు తొందరగా పట్టదు. అయితే ఇదివరకే ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన గోడకు సున్నం పట్టదు. ఏ రంగైనా లేతది మంచిది. మనకు ఇష్టమైన ముదురు నీలం వచ్చేవాళ్లకు ఇష్టం కాకపోవచ్చు.

తలుపులు, కిటికీల విషయంలో ఒక జాగ్రత్త. పాతకాలపు ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి పాత రంగును పొడిగా గీకించకండి. తడిపి, తడి ఉప్పుకాగితంతో రుద్దించి, ఆ మట్టిని ఊడ్చి కాకుండా తడిగుడ్డతో తుడిపించండి. మనుమలను ఆ రోజు అటువైపు రానివ్వకండి.

ఎవరు వస్తారో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐ.ఐ.టి., ఐసర్ వచ్చి తిరుపతిని చదువుల ఊరు చేశాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక చిత్తూరు నుంచి ఉద్యోగులూ తరలివచ్చారు. విద్యార్థులకు బల్ల వేసుకునే చోట ప్లగ్గు, ట్యూబులైటు కావాలి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మకు పగలు నిద్రపోవడానికి కిటికీకి మందపాటి తెర కావాలి. సంసారులకు వంటింట్లో అలమర, దేవుడి గూడు, వాకిట్లో ముగ్గుకు రెండు గజాల చోటు ఉంటే చాలు. మేకులు కొట్టవద్దని కోప్పడే బదులు, ప్రతి గదిలో కొక్కేలతో ఒక కర్రపట్టీ బిగించండి. పటాలూ తగులుతాయి, గోడా దక్కుతుంది.

ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు. కాబట్టి మరమ్మతులకు అదే అదను. శ్రావణానికి ఇల్లు సిద్ధంగా ఉంటుంది, పెద్దవానలకు ముందే రంగు ఆరిపోతుంది.

ఆదాయపు పన్ను మాట. పై లెక్క ప్రకారం ఏడాది బాడుగ 96,000. మీరు కట్టిన మునిసిపల్ పన్ను 2,000 అనుకుంటే మిగిలేది 94,000. అందులో నూటికి 30 వంతున 28,200 తీసివేసి, 65,800 మాత్రమే ఆదాయంగా చూపాలి. రంగుల రసీదులు పెట్టి ఇంకా తగ్గించుకోలేం. ఖర్చు పెట్టకపోయినా ఆ 30 వంతులకు లోటు లేదు.

ఇక ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చని అడ్వాన్సులో ఒక నెల బాడుగ పట్టుకునే అలవాటు ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే సహజమైన అరుగుదలను బాడుగకున్నవారి బాధ్యత నుంచి మినహాయించింది. పగలగొట్టినదానికి అడగండి, వెలిసిన రంగుకు అడగకండి. చేరేనాడే ఫ్యాన్లు, లైట్లు, తాళాలు ఎన్నో జాబితా రాసి ఇద్దరూ సంతకం చేస్తే తగాదాయే ఉండదు.

చివరగా ఒక మాట. కొందరికి కోపం రావచ్చు. ఇంత ఖర్చు పెట్టి ఇల్లు తీర్చిదిద్ది, గేటు దగ్గరే "మీరు ఏమిట్లు?" అని అడిగి మనిషిని వెనక్కి పంపేస్తాం. వచ్చిన పిల్ల బాగా చదువుకునేదే, బాడుగ ఇవ్వగలిగినదే అయినా, తల వంచుకొని ఇంకో వీధికి పోతుంది. మన పిల్లలూ హైదరాబాదులోనో, బెంగుళూరులోనో బాడుగ ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లను అలా అడిగితే మనకు ఎలా ఉంటుంది? అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎక్కడ పని, ఎంతమంది ఉంటారు, ఏ తేదీకి బాడుగ ఇస్తారు, గుర్తింపు కార్డు నకలు ఏది. ఇవి చాలు.

పెన్షను దయ కాదు, హక్కు అన్నప్పుడు మనకు తలెత్తుకున్నట్లు అనిపించింది. మన గడపలోకి వచ్చేవాళ్లకూ ఆ తలెత్తుకునే వీలు కల్పిద్దాం. ఏ రంగు వేసినా అంతకంటే మంచి అలంకారం ఇంటికి లేదు.