తిరిగిరాని పన్ను: ఉప్పుడు బియ్యం, ఎగుమతి సుంకం, రిఫండు వివాదాలు



మాస్టారి పేరు ఈ పుస్తకం అట్ట మీద ఉంది. రాయ్‌పూర్‌లో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు గనక నేనూ మాస్టారనే అంటాను. బడిలో పాఠం చెప్పిన మాస్టారు కాదు, మిల్లుల గుమాస్తాలకు అమ్మకం పన్ను లెక్కలు నేర్పిన మాస్టారు. అలాంటి మనిషి పేరిట జరిగే సభలో పన్ను వదిలేసి వేదాంతం మాట్లాడితే ఆయనకే నచ్చదు. అందుకని ఎగుమతిదారుకు తిరిగి రావలసిన పన్ను ఎందుకు ఆగిపోతోంది, దాని మీద కోర్టుల్లో ఏం నడిచింది అన్నదే ఇవాళ నా విషయం.

రాయ్‌పూర్‌కు సముద్రం లేదు. ఈ ఊరికి దగ్గర సముద్రం మన తెలుగు తీరమే. పార్వతీపురం మీదుగా విజయనగరం, రాయ్‌పూర్‌లను కలిపే రైలు మార్గం 1931లో పూర్తయింది. రెండేళ్లకు, 1933లో, విశాఖ రేవు తెరుచుకుంది. సెంట్రల్ ప్రావిన్సెస్ సరుకును ఓడ ఎక్కించడానికే ఆ రెండిటినీ తలపెట్టారు. ఇప్పుడు కూడా ఇక్కడి ఉప్పుడు బియ్యం కాకినాడ, విశాఖ రేవుల మీదుగా ఆఫ్రికా పడమటి తీరానికి పోతుంది. ఇక్కడివాళ్లు ‘ఉసనా’ అనే ఆ బియ్యమే నా కథానాయకుడు.

ఎగుమతి అమ్మకం మీద ఏ రాష్ట్రమూ పన్ను వేయరాదని రాజ్యాంగం 286వ అధికరణం మొదటినుంచీ చెబుతోంది. అయితే ఎగుమతి అమ్మకం ఎక్కడ మొదలవుతుంది? ఓడ పక్కనా, మిల్లు గుమ్మంలోనా? ఈ ప్రశ్న 1952 నుంచి సుప్రీంకోర్టును వదల్లేదు. 1975లో మహమ్మద్ సిరాజుద్దీన్ కేసులో ఒడిశా ఖనిజం అమ్మినవాడికీ విదేశీ కొనుగోలుదారుకూ మధ్య ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఉంది కాబట్టి మొదటి అమ్మకం ఎగుమతి కాదని కోర్టు తేల్చింది. మరుసటి ఏడే పార్లమెంటు కేంద్ర అమ్మకం పన్ను చట్టంలో 5(3) చేర్చి, ఎగుమతికి ముందటి చివరి అమ్మకానికీ రక్షణ ఇచ్చింది. మాస్టారి తరం సంచుల్లో మోసిన హెచ్ ఫారాలు అక్కడ పుట్టినవే.

ధాన్యానికి మాత్రం ఆ రక్షణ అందలేదు. 5(3) కింద కొన్న సరుకూ ఎగుమతైన సరుకూ ఒకటే కావాలి. ధాన్యం ఆడించాక వచ్చిన బియ్యం వేరే సరుకని 1973లోనే గణేశ్ ట్రేడింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. కాబట్టి ధాన్యం కొన్నప్పుడు కట్టిన పన్ను బియ్యంతోపాటు ఓడెక్కేది, తిరిగొచ్చేది కాదు. అదే సమయంలో రొయ్య తల తీసి, శుభ్రం చేసి, గడ్డ కట్టించినా రొయ్యేనని 1986లో స్టెర్లింగ్ ఫుడ్స్ కేసు తీర్పు వచ్చింది. తల తీస్తే రొయ్య మారదు, పొట్టు తీస్తే ధాన్యం మారుతుంది! మాస్టారు దీన్ని చెప్పి నవ్వేవారు. చివరికి చట్టంలో 15(సీఏ) చేర్చి, ఎగుమతి విషయంలో ధాన్యం, బియ్యం ఒకే సరుకని రాసుకోవలసి వచ్చింది. అంతకుముందటి లావాదేవీలకు ఆ మేలు లేదని 2002లో సత్నామ్ ఓవర్సీస్ తీర్పు స్పష్టం చేసింది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. దేశమంతా ఒకే విపణి అన్నారు. సరిహద్దు చెక్‌పోస్టులు పోయాయి, నిజమే. ఎగుమతి సున్నా శాతం సరఫరా అయింది. అంటే అమ్మకం మీద పన్ను ఉండదు, కొనుగోళ్ల మీద కట్టినది వెనక్కి ఇస్తారు. దారులు రెండు. ఎల్‌యూటీ అనే హామీపత్రం రాసిచ్చి పన్ను కట్టకుండా పంపి, మిగిలిపోయిన ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అడగడం ఒకటి. ఐజీఎస్టీ కట్టి పంపి, దాన్నే వెనక్కి తీసుకోవడం రెండోది. మొదటి దారి రాయ్‌పూర్ అధికారి గదికి పోతుంది, రెండోది రేవులోని కస్టమ్స్ కంప్యూటరుకు. సరుకు ఒకటే, మిల్లు ఒకటే, కానీ అడగవలసిన గుమ్మాలు రెండు. రాయ్‌పూర్ కంటైనర్ డిపోలో సీలు వేసి పంపిన పెట్టె ఓడ ఎక్కినట్టు రేవు నుంచి మానిఫెస్టు రాకపోతే షిప్పింగ్ బిల్లు ముందు ‘ఎస్‌బీ006’ అని పడుతుంది. ఇన్వాయిస్ అంకె ఒక గీత తేడాగా ఉంటే ‘ఎస్‌బీ005’. తొలి రెండేళ్లలో గుమాస్తాలు ఈ సంఖ్యలను తిథుల్లా వల్లించారు. తాత్కాలికంగా 90 శాతం ఏడు రోజుల్లో, మొత్తం 60 రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే 6 శాతం వడ్డీ అని చట్టంలో ఉంది. ఇవి విధానపు చిక్కులు, కాలక్రమంలో చాలావరకు సర్దుకున్నాయి. వాటి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు సీజీఎస్టీ చట్టం 54(3)లో 2024 అక్టోబరు దాకా ఉన్న రెండో ప్రొవైజో మీద, ఇప్పుడు దాని స్థానంలో ఉన్న 54(15) మీద. ఎగుమతి సుంకం పడిన సరుకుకు మిగులు క్రెడిట్ రిఫండు ఇవ్వరాదని ఆ ప్రొవైజో చెప్పేది. జీఎస్టీ వచ్చిన కొత్తలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. సుంకం ఉన్న సరుకులు కొద్ది, అందులోనూ చాలావాటికి రేటు సున్నా. సుంకం నిజంగా కట్టవలసి వచ్చిన సరుకుకే ఈ నిషేధం వర్తిస్తుందని 2021 సెప్టెంబరు 20న 160వ సర్క్యులర్ కూడా వివరణ ఇచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

2022 మే 22న ఉక్కు మీద 15 శాతం, ఇనుప ఖనిజపు పెల్లెట్ల మీద 45 శాతం ఎగుమతి సుంకం పడింది. రాయ్‌పూర్ పక్కనున్న సిల్తరా, ఉర్లా ఉక్కు కార్ఖానాల వాళ్లకు ఇది ఏ భాషలో చెప్పాలి? ఆరు నెలలు గడిచాక నవంబరు 19న తీసేశారు. బియ్యానికి దెబ్బ తరువాతి ఏడు. 2023 ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వచ్చింది. 2024 సెప్టెంబరు 27న 10 శాతానికి తగ్గి, అక్టోబరు 22న పూర్తిగా పోయింది. పద్నాలుగు నెలలు. దేశంలో ధర పెరగకుండా చూడటానికి సుంకం వేశారు. అది ప్రభుత్వ విధానం, దాని మంచిచెడ్డలు నా విషయం కాదు. కానీ ఆ సుంకంతోపాటు ప్రొవైజో నిద్ర లేచింది.

లెక్క చూడండి. విడి బియ్యానికి జీఎస్టీ లేదు, బియ్యం లారీ కిరాయికీ లేదు. అయితే ఎగుమతి చేసే మిల్లుకు పన్ను ఎక్కడ తగులుతుంది? ప్లాస్టిక్ బార్దానా మీద 18 శాతం. మర విడిభాగాల మీద, రేవులో క్లియరింగ్ ఏజెంటు సేవల మీద పన్ను. సముద్రపు కిరాయికి ఉన్న మినహాయింపు కూడా 2022 సెప్టెంబరు 30తో ముగిసింది గనక దాని మీదా పన్నే. బాయిలరు, సార్టెక్స్ యంత్రాల మీది క్రెడిట్ ఎలాగూ రిఫండు సూత్రంలోకి రాదు, యంత్రాలను మూలధన సరుకులంటారు. మిగిలిన ఈ చిల్లర క్రెడిటే మిల్లు అడగగలిగేది. టన్నుకు లాభం కొద్దిగా ఉండే వ్యాపారంలో అదే ఒక్కోసారి లాభం. 2023 ఆగస్టు 24న లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు పడిన బస్తాకు ఈ పన్ను తిరిగొస్తుంది. 26న పడిన బస్తాకు రాదు. ధాన్యం ఒకే రైతుది, సంచి ఒకే కట్టలోది, కట్టిన పన్ను పైసాతో సహా ఒకటే.

ప్రభుత్వం వైపు నుంచీ వాదన ఉంది, దాన్ని తక్కువ చేయను. ఒక చేత్తో ఎగుమతిని అడ్డుకుంటూ మరో చేత్తో రిఫండు ఇచ్చి ప్రోత్సహించడంలో అర్థం లేదంటారు. ఇక్కడే నాకు భేదం. రిఫండు ప్రోత్సాహం కాదు. అది ఎవరి సొమ్మో వాళ్లకివ్వడం. సరుకు మీద నిజంగా పడినంత పరోక్ష పన్నును తిరిగివ్వడం సబ్సిడీ కాదని ప్రపంచ వాణిజ్య సంస్థ సబ్సిడీల ఒప్పందం మొదటి పాదసూచికలోనే ఒప్పుకుంది. ఎగుమతి తగ్గించాలంటే సుంకం 20 కాకుంటే 22 వేయండి, అది అందరికీ కనిపిస్తుంది, పార్లమెంటులో అడగవచ్చు. రిఫండు ఆపడం కనిపించని సుంకం. దాని రేటు ఒక్కో మిల్లుకు ఒక్కో రకం. ఎవరు ఎక్కువ సేవలు కొన్నారో వారికే ఎక్కువ శిక్ష.

అప్పట్లో ఒక కిటికీ తెరిచి ఉండేది. ప్రొవైజో మిగులు క్రెడిట్‌కే తగిలేది, ఐజీఎస్టీ కట్టి వెనక్కి తీసుకునే దారికి కాదు. ఉక్కువాళ్లు ఆ దారిన పోగలరు. బియ్యం మిల్లు పోలేదు, పన్నే లేని సరుకు మీద ఏ పన్ను కడుతుంది? 2024 ఫైనాన్స్ (నం. 2) చట్టం నవంబరు 1 నుంచి ప్రొవైజోను తీసేసి, దాని స్థానంలో 54(15) పెట్టి, ఆ రెండో దారినీ మూసేసింది. అసమానతను సరిదిద్దే పద్ధతి ఇదా? ఇద్దరిలో ఒకరికి అన్నం లేదంటే రెండోవాడి విస్తరి కూడా తీసేసినట్టుంది.

కోర్టుకు వెళ్లవచ్చు కదా అంటారు. వెళ్లేముందు 2021 సెప్టెంబరు 13 నాటి వీకేసీ ఫుట్‌స్టెప్స్ తీర్పు చదవాలి. రిఫండు రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని, చట్టం ఎంత ఇస్తే అంతేనని సుప్రీంకోర్టు అన్నది. అది తలకిందుల రేట్ల కేసు, అంటే తయారైన సరుకుకంటే ముడిసరుకు మీద పన్ను ఎక్కువున్న కేసు, ఎగుమతి కేసు కాదు. అయినా ప్రతి రిఫండు వాదనలో ప్రభుత్వ న్యాయవాది మొదట తీసేది ఆ పేజీయే. నా దృష్టిలో ఎగుమతికి దాన్ని యథాతథంగా అతికించడం సరికాదు. ఎగుమతి మీద పన్ను ఉండరాదన్న ఆలోచన 286లోనే ఉంది.

చట్టం ఇచ్చినదాన్ని రూలు తగ్గించినప్పుడు మాత్రం హైకోర్టులు ఊరుకోలేదు. ఎగుమతి విలువను దేశీయ ధరకు ఒకటిన్నర రెట్లకు పరిమితం చేసిన 2020 నాటి 89(4)(సీ) సవరణను 2023లో టోన్‌బో ఇమేజింగ్ కేసులో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. కొన్ని రాయితీలు పొందినవారికి ఐజీఎస్టీ దారిని మూసిన 96(10)ను 2024 అక్టోబరు 8న కేంద్రమే తొలగించింది. రెండు రోజులకు కేరళ హైకోర్టు అది చెల్లదని చెప్పింది. తొలగింపు పెండింగు కేసులకూ వర్తిస్తుందని 2025లో గుజరాత్ హైకోర్టు అన్నది. కాని మన ప్రొవైజో గాని, దాని స్థానంలో వచ్చిన 54(15) గాని రూలు కాదు, పార్లమెంటు రాసిన చట్టం. దాని మీద పోరు ఇంతకంటే కష్టం.

మరో మాట, క్లుప్తంగా. సరుకు అమ్మినవాడు పన్ను కట్టకపోతే కొన్నవాడి క్రెడిట్ పోతుందన్న 16(2)(సీ) నిబంధన రిఫండునూ మింగుతోంది.  2023లో కలకత్తా హైకోర్టు సన్‌క్రాఫ్ట్ కేసులో ముందు అమ్మినవాణ్ణి పట్టుకోండి అన్నది. ఐరోపా ఉమ్మడి విపణిలో ఇలాంటి తగవు టెలియోస్ కేసుగా లక్సెంబర్గ్‌లోని ఐరోపా కోర్టుకు వచ్చి, 2007లోనే తేలింది. ఫోన్లు దేశం దాటినట్టు చూపిన రవాణా పత్రాలు దొంగవని తరువాత తేలింది. చేయగల జాగ్రత్తలన్నీ తీసుకుని, మోసం ఎరగని అమ్మకందారు మీద ఆ పన్ను వేయరాదని కోర్టు తేల్చింది. మనకూ అదే కొలత చాలు.

జీఎస్టీ కౌన్సిల్లో ఛత్తీస్‌గఢ్‌కూ, రేవులున్న ఆంధ్రప్రదేశ్‌కూ చెరో కుర్చీ ఉంది. 54(3) రెండో ప్రొవైజో స్థానంలో 2024లో చేర్చిన 54(15) నిషేధాన్ని రద్దు చేయమని ఆ రెండు రాష్ట్రాలూ కలిసి అడగాలి. అది జరిగేలోపు ఇక్కడున్న చార్టర్డ్ అకౌంటెంట్లకు, మిల్లు యజమానులకు నా మనవి ఒకటే. ఎలాగూ తిరస్కరిస్తారని దరఖాస్తు మానేయకండి. గడువు సరుకు మోసిన ఓడ దేశం వదిలిన తేదీ నుంచి రెండేళ్లు. ఆ లోపల దరఖాస్తు పెట్టండి, తిరస్కరణను రాతపూర్వకంగా తీసుకోండి, మూడు నెలల్లో అప్పీలు వేయండి. రేపు చట్టం మారినా, తీర్పు వచ్చినా, దస్త్రం ఉన్నవాడికే డబ్బు వస్తుంది.